ఈదులపదేన్యా

కెనడాలోని స్కార్‌బరోలో లాండ్రీ షాపుకీ, టాక్సు కాగితాలు నింపిపెట్టే ఆయన ఆఫీసుకీ మధ్య ఇరుక్కుని ఉండేది "బేబీ గారి వంటిల్లు". అక్కడ పనికి చేరిన ఏ తెలుగు స్టూడెంటుకైనా మొదటి పలకరింపు ఒకటే. గరిటె తిప్పుతూ, తలెత్తకుండానే బేబీ అడిగేది: "ఏ ఊరు?" చెబితే చాలు, ఆ రోజు నుంచీ అదే పేరు. "కరీంనగరూ, ఇటు రా. కడపా, చపాతీ మాడుతోంది చూడు. ఒసే భీమవరం, ఉల్లిపాయలు తరగమంటే ఫోను చూస్తావేంటే?" కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు బేబీ గుమ్మం దగ్గరే చలికోట్లతో పాటు కొక్కేనికి వేలాడేవి.

ఆ రెండు మూడేళ్ళూ స్టూడెంట్లు వానాకాలం ఉసిళ్ళలా వచ్చిపడ్డారు. ఏ బస్సెక్కినా వాళ్ళే, ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా వాళ్ళే. ఒక గదిలో ఆరుగురు, పగటి షిఫ్టు వాడు లేచిన పరుపు మీద రాత్రి షిఫ్టు వాడు. వాళ్ళందరికీ కూడు పెట్టింది బేబీ టిఫిన్ డబ్బాలే అంటే అబద్ధం కాదు. గోంగూర పప్పులో పులుపు ఎక్కడ ఆగాలో, చారులో మిరియం ఎప్పుడు పడాలో ఆవిడకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకొకరికి తెలీదు. చేతిలో అమృతం, నోట్లో విషం అనేవాళ్ళు పిల్లలు, వినపడనంత దూరం వెళ్ళాక.

ఊరి పేరుతో ఆగితే ఎవరికీ బాధ లేదు. బేబీకి రెండో ప్రశ్న కూడా ఉండేది. "ఊళ్ళో ఎటువైపు?" ఈ ప్రశ్న దేనికో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. రామాలయం వైపు వాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. జవాబు నమిలి మింగిన వాళ్ళు వెనక సింకు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, అంట్లు తోమడానికి. ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే, "నాకేం పట్టింపు లేదమ్మా, కస్టమర్లు అడుగుతారు, ఎవరు వండారని," అనేది బేబీ. నిజంగానే అడిగేవాళ్ళు. ఆ అడిగేవాళ్ళకంటే ముందే అడిగి పెట్టుకోవడం మాత్రం బేబీ సొంత తెలివి.

మరి తనది ఏ ఊరంటే, బెజవాడ. బెజవాడలో ఎక్కడంటే, గాంధీనగరం. గాంధీనగరంలో ఎక్కడంటే, సినిమా హాళ్ళ వెనకాల, మా నాన్నగారికి హోటలుండేది, ఆయన పోయాక అమ్మేశాం. ఇది చెప్పేటప్పుడు బేబీ గొంతు తడబడేది కాదు. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు కూడా అంతే నిబ్బరంగా ఉండేది.

బెజవాడలో బేబీ బస్సు మారింది తప్ప ఒక్క పూట ఉన్న పాపాన పోలేదు. ఆవిడ పుట్టింది ఈదులపాడులో. ఇవతల రామాలయం, పెద్ద వీధి. మధ్యలో కాలవ. అవతల పేట. పేట వాళ్ళు ముట్టుకున్న నీళ్ళు ఇవతలి వాళ్ళు తాగరు, పేట వాళ్ళు కోసిన ధాన్యం మాత్రం తింటారు. ఆ పేటలో చర్చిని ఆనుకుని ఉన్న ఇల్లు మార్తమ్మది. ఆవిడ కూతురే బేబీ. పద్దెనిమిది నిండీ నిండకుండానే కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళు కెనడాకి మారుతూ, పిల్లలు దీన్ని వదలకుండా ఏడుస్తున్నారని వెంట తెచ్చుకున్నారు. పిల్లలు పెద్దవాళ్ళై ఆయా అక్కర్లేకుండా పోయాక, బేబీ ఒక పెళ్ళిళ్ళ హాలు వంటగదిలో చేరింది.

ఆ వంటగదిలో పనిచేసేది అంతా స్పానిష్ మాట్లాడే జనం. బేబీకి అక్కడ వింతగా తోచింది ఒకటే: వాళ్ళలో ఎవరినీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. హోండురాస్ మనిషి కట్రాచో, ఆడదైతే కట్రాచా. గ్వాటెమాలా వాడు చపీన్. కోస్టారికా వాడు టికో. సాల్వడార్ వాడు గ్వానాకో. గ్వానాకో అంటే ఒంటెకి దూరపు చుట్టమయ్యే ఏదో జంతువట. అయినా ఆ పిలుపుకి సాల్వడార్ మనిషి పళ్ళికిలించి పలికేవాడు. దేశంతో సరిపెట్టుకోరు, ఊరూరికీ ఒక మాట. మెక్సికోలో గ్వాదలహారా నుంచి వచ్చినవాడు తపాతీయో. సూపు దగ్గరుండే పెద్దావిడ ఇర్మాది హోండురాస్‌లో సాన్ పెద్రో సూలా అనే ఊరు, కాబట్టి సాంపెద్రానా. మధ్యాహ్నం భోజనానికి ఆ పిలుపుల్తోనే బల్ల దగ్గరికి కేకేసేవాళ్ళు. పిలుపు వచ్చినవాడికి గిన్నె ముందుకొచ్చేది.

బేబీని మొదట్లో "ఇందూ" అన్నారు. హిందూ అన్న మాటని వాళ్ళు అలా పలుకుతారు. వాళ్ళకి ఇండియా మనుషులందరూ ఇందూలే, మెళ్ళో సిలువ వేలాడుతున్నా సరే. ఇర్మాకి అది నచ్చలేదు. వచ్చీ రాని ఇంగ్లీషులో అడిగింది, "అది దేశం. నీ ఊరు?"

ఆ ప్రశ్న తర్వాత వచ్చే ప్రశ్న బేబీకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎందుకో ఆ రోజు అబద్ధం నోటికి రాలేదు. "ఈదులపాడు," అంది. అని, ఒళ్ళు బిగబట్టుకుని నిలబడింది.

రెండో ప్రశ్న రాలేదు. ఇర్మా ఆ పేరుని ఉప్పు చూసినట్టు నాలిక మీద వేసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఈదుల... ఈదులపదేన్యా!" అని గట్టిగా అరిచింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చెంచాలతో గిన్నెలు వాయించారు. ఈదులపదేన్యా, రా, కూర్చో, తిను. అంతే. బేబీ కూర్చోలేదు. కూరగాయలు పెట్టే చలిగదిలోకి పోయి, ఉల్లికాడల పెట్టెల మధ్య కుమిలి కుమిలి ఏడ్చింది. ఈదులపాడులో కూడా ఎవరూ ఆవిడని ఈదులపాడు మనిషి అనలేదు. పేట పిల్ల అన్నారు. ఊరు ఊరంతా తనదే అన్నట్టు ఒక మాట పుట్టించి, దాన్ని తన నెత్తిన పెట్టింది ఆ పైదేశపు ముసల్ది.

వాళ్ళ ప్రశ్న ఊరితో ఆగిపోతుంది. మనవాళ్ళ ప్రశ్న ఊరితో మొదలవుతుంది. ఈ తేడా తెలిసినదానికి బుద్ధి ఎటు పోవాలి? బేబీ బుద్ధి మాత్రం ఇటే, మనవాళ్ళ వైపే వచ్చింది.

సొంత వంటిల్లు పెట్టాలంటే కొనేవాళ్ళు కావాలి, కొనేవాళ్ళు తెలుగువాళ్ళు. ఒక వేసవిలో తెలుగు సంఘం పిక్నిక్‌కి పులిహోర చేసి పట్టుకెళ్ళింది. అక్కడే భ్రమరాంబ గారు తగిలారు. ఆవిడ భర్త అమరేశ్వరరావు గారు రిటైరైన డాక్టరు, సంఘానికి పెద్ద దిక్కు. సంఘం వంటలు ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం ఈవిడ నాలుక. పులిహోర నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా" అని, కళ్ళు తెరిచి, "ఏ ఊరమ్మాయ్ మీది?" అన్నారు. ఆ తెరిచిన కళ్ళు చూసి బేబీ బెజవాడ అనేసింది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అండ. నాన్న హోటలూ, గాంధీనగరమూ, బొట్టూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ తర్వాత ఉగాదికీ, శ్రీరామనవమికీ, ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా వంట బేబీదే. ఆ వంటే ఆవిడ బతుకు. సంఘం వద్దన్న రోజున మిగతా ఇళ్ళూ వద్దంటాయి, వంటిల్లు మూసుకుని మళ్ళీ ఎవరి పెళ్ళిళ్ళ హాల్లోనో అంట్లు తోముకోవాలి.

పాత రోజుల్లోంచి బేబీ వెంట తెచ్చుకున్నది ఇర్మా ఒక్కతినే. ముసల్ది ఇప్పుడు బేబీ వంటింట్లోనే కూరలు కడిగేది, ఇప్పటికీ పాత పిలుపే పిలిచేది. "ఈదులపదేన్యా, ఫోను!" తెలుగు కస్టమర్లు అదేదో స్పానిష్‌లో యజమానురాలన్న మాట అనుకునేవాళ్ళు. బేబీ కాదనలేదు. ఆ పిలుపు ఒక్కటీ రోజూ చెవిన పడుతుంటే ఆవిడకి లోపల ఎక్కడో చల్లగా ఉండేది.

అప్పుడొచ్చింది అమృత. సన్నగా, ఎత్తుగా, కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది.

"ఏ ఊరు?" అంది బేబీ తలెత్తకుండా.

"ఈదులపాడు అండీ. గుడివాడ దగ్గర."

గరిటె ఆగింది. రెండో ప్రశ్న బేబీ నోట్లోంచి రాలేదు. పిల్లల్లో ఒకడు నవ్వుతూ, "అదేంటాంటీ, ఎటువైపో అడగలేదు?" అన్నాడు. "నోర్మూసుకుని అప్పడాలు వేయించు," అని కసిరింది బేబీ. ఆ పిల్లని చపాతీల దగ్గర నిలబెట్టింది.

వారం తిరక్కుండానే ఇర్మా ఎప్పటిలా కేకేసింది. అమృత పిండి ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది. మాటల చివర ఆ తోకలు తగిలించడం ముసల్ది అందరికీ చేస్తుందని ఆ పిల్ల అప్పటికే గమనించింది. కడప కుర్రాణ్ణి కడపేన్యో అంటుంది. మరి ఈదులపదేన్యా అంటే? సాయంత్రం అందరూ డబ్బాలు సర్దుతుంటే పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆంటీ, మీరు మార్తమ్మ గారి అమ్మాయి కదా? మాది ఆ వెనక సందే. మా అమ్మ సరోజ."

సరోజ! ఇద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నారు. బేబీ మొహం రాయిలా పెట్టుకుంది. "ఎవరే మార్తమ్మ? నాది బెజవాడ. పిచ్చి పిచ్చి వరసలు కలపకు."

అమృత ఒక్క క్షణం ఆవిడ నుదుటి బొట్టు వంక చూసింది. "సారీ ఆంటీ, పొరపాటు పడ్డా," అంది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు, ఎవరి దగ్గరా అనలేదు. అదే బేబీకి కంటి మీద కునుకు లేకుండా చేసింది. అరిచి గోల చేసినా బాగుండేది. తెలిసీ ఊరుకున్న మనిషిని మించిన భయం ఇంకోటి లేదు.

మర్నాడే ఇర్మాని పిలిచి, "నన్నింక అలా పిలవొద్దు. బాస్ అను," అంది.

ముసల్ది పకపకా నవ్వింది. ఎదుటి మనిషి నవ్వడం లేదని చూసి ఆగింది. "మా వైపు ఊరి మాట దాచుకునేవాడు అక్కడ ఎవర్నో చంపి వచ్చినవాడు. నువ్వెవర్ని చంపావు?"

"నేను చెప్పినట్టు పిలుస్తావా, లేదా?"

"నీకా పేరు పెట్టింది నేను. నేనెలా తీసేస్తాను?"

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇర్మా చేతులు తుడుచుకుని, తన చాకు గుడ్డలో చుట్టుకుని, మంచులోకి వెళ్ళిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. బేబీ ఆ పూట కూరలు తనే కడుక్కుంది.

ఉగాది దగ్గరపడింది. ఏటా పండక్కి ముందు భ్రమరాంబ గారు వంటింటికి వచ్చి, ఒక మూల బల్ల వేయించుకుని, అన్నీ రుచి చూసి, ఆర్డరు ఖాయం చేసి వెళ్ళడం ఆనవాయితీ. ఆ ఏడు వచ్చినప్పుడు వడ్డన అమృత చేసింది. ఏది ముందు వేయాలో, మంచినీళ్ళు ఎటు పెట్టాలో ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. భ్రమరాంబ గారికి ముచ్చటేసింది.

"ఎక్కడుంటున్నావమ్మా?"

"బేస్‌మెంట్‌లో అండీ, ఎనిమిది మందిమి. ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఎక్కడా దొరకట్లేదండీ." గది దొరక్కపోతే బస్ స్టేషన్లో పడుకుని కాలేజీకి వెళ్తున్న వాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు. అమృతకి వాళ్ళు తెలుసు.

"మా ఇంట్లో పై గది ఊరికే పడుంది. పిల్లలు వెళ్ళిపోయాక నాకూ తోడు లేదు. వచ్చి ఉండు. నాతోపాటు తిందువుగాని."

అమృత మొహం దీపం పెట్టినట్టయింది. బేబీ మొహంలో దీపం ఆరింది. ఆ ఇంట్లో, ఆవిడ పక్కన, రోజూ మాటలు. ఇవాళ కాకపోతే రేపు, ఏ టీ కప్పు దగ్గరో, ఈదులపాడు అన్న పేరు పొర్లుతుంది, దాని వెనక మార్తమ్మ వస్తుంది.

"ఇంతకీ ఏ ఊరమ్మా మీది?" అన్నారు భ్రమరాంబ గారు, ఆవపెట్టిన అరటికాయ కూర కలుపుకుంటూ.

"ఈదులపాడు అండీ."

"ఓహో, గుడివాడ వైపు. ఊళ్ళో ఎక్కడ?"

అమృత తొట్రుపడలేదు. తల్లి నేర్పి పంపిందో, ఈ వంటింట్లోనే నేర్చుకుందో, నెమ్మదిగా అంది, "రామాలయం వీధి అండీ."

అక్కడితో అయిపోయేది. భ్రమరాంబ గారు తలూపి ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నారు. ఆ పిల్లకి గది దొరికేది, కిటికీ ఉన్న గది. బేబీ నోరు మూసుకుని ఉంటే చాలు.

"రామాలయం వీధేంటి?" అంది బేబీ. "అబద్ధాలాడకు పెద్దావిడ దగ్గర. రామాలయం వీధిలో కరణం గారిల్లు, మోతుబరుల ఇళ్ళు నాలుగూ తప్పితే వేరే గడప లేదు. వీళ్ళది కాలవ అవతల పేట అండీ, చర్చి వెనక సందు. మీరు మంచివారు కనక మోసపోతారని చెబుతున్నా."

ముద్ద కంచంలోకి తిరిగి వెళ్ళింది. అమృత చేతిలో పప్పుగిన్నె చూసి భ్రమరాంబ గారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. "గదికి పెయింటింగు వేయించాలనుకుంటున్నామమ్మా, ఇప్పట్లో కుదరదులే," అన్నారావిడ గోడ వంక చూస్తూ. తర్వాత ఆ చూపు నెమ్మదిగా గోడ మీంచి బేబీ మీదికి వచ్చింది.

"నీది బెజవాడ కదూ బేబీ?"

"అవునండీ."

"మరి ఈదులపాడులో ఏ వీధిలో ఎవరి గడప ఉందో, చర్చి వెనక సందేమిటో నీకెలా తెలుసు?"

ఇన్నేళ్ళూ బేబీ ఆ ప్రశ్న పది మందిని అడిగింది గానీ, ఇలా తన మీదికే తిరిగొస్తుందని జవాబు సిద్ధం చేసుకోలేదు. నాన్న హోటలూ, గాంధీనగరమూ, సినిమా హాళ్ళూ అన్నీ ఒక్కసారే చేతికందకుండా పోయాయి.

"నేనే చెప్పానండీ," అంది అమృత. పప్పుగిన్నె బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. "చేరిన రోజే ఆంటీ ఊళ్ళో ఎటువైపని అడిగారు. అన్నీ చెప్పాను. అందర్నీ అలాగే అడుగుతారండీ."

భ్రమరాంబ గారు బేబీ వంక చూశారు.

"అవునండీ," అంది బేబీ. "ఇదే చెప్పింది."

అమృత ఆప్రాను విప్పి మడత పెట్టింది. వెనక తలుపు దగ్గరికి బేబీ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆవిడకే తెలీదు. కోటు జిప్పు పైకి లాక్కుంటూ అమృత ఆవిడ వైపు చూడకుండా అంది:

"మార్తమ్మ గారి బేబీ మన పేటలో మొదట విమానం ఎక్కిన పిల్ల అని మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పేది ఆంటీ. నన్ను చదివించిందీ, ఇంత దూరం పంపిందీ ఆ ధైర్యంతోనే. నేను అమ్మకి ఏమీ చెప్పను లెండి. మీరు కనబడలేదనే చెబుతా."

ఆ పిల్ల కాళ్ళ మీద పడాలనిపించింది బేబీకి. సరోజ ఎలా ఉందే అని అడగాలనిపించింది. లోపల్నుంచి భ్రమరాంబ గారి గొంతు వినబడింది, "బేబీ, ఇంకాస్త కూర తీసుకురా, నువ్వే తీసుకురా."

"రేపట్నుంచి రాకు," అంది బేబీ. తలుపు వేసి గడియ పెట్టింది.

కంచం మార్చి, కొత్త గిన్నెలో కూర పెట్టి, తనే వడ్డించింది. భ్రమరాంబ గారు తృప్తిగా తిన్నారు. "నువ్వు చెప్పకపోతే ఆ పిల్లని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకునేదాన్ని. ఎంతైనా నువ్వు మనలో మనిషివి," అన్నారు. ఉగాది వంట నీదేనన్నారు, శ్రీరామనవమిదీ నీదేనన్నారు. ఆ మాట వినడం కోసమే బేబీ ఇన్నేళ్ళు బతికింది. విన్నాక ఎక్కడైనా కాస్త సంతోషం తగులుతుందేమోనని లోపలంతా వెతుక్కుంది. లేదు.

"మీ దయండీ," అంది. ఈదులపాడులో వాళ్ళమ్మ కాలవ దాటి వచ్చి, పెద్ద వీధి వాకిళ్ళలో దూరంగా నిలబడి రోజూ అనే మాటే అది. గొంతు కూడా అదే.